ఇరవై రెండు గుర్రాల తప్పు

మా అక్కని పార్కులో అందరూ గుర్రాలక్క అంటారు. గేటు దాటగానే ఎదురుగా ఉండే గుర్రాల రంగులరాట్నం ఆవిడది. ఆవిడదంటే కాగితాల మీద కాదు లెండి. కాగితాల మీద అది యజమానులది. దాన్ని తిప్పేదీ, ఆపేదీ, నూనె పెట్టేదీ, రంగులేసేదీ, మొరాయిస్తే బుజ్జగించేదీ మాత్రం అక్కే. మా నాన్న ఆ రాట్నం మెకానిక్కుగా ఉన్నప్పుడు పదకొండేళ్ళ అక్క చేతికి నూనెడబ్బా ఇచ్చాడు. నాకు టిక్కెట్ల పుస్తకం ఇచ్చాడు, ఎందుకంటే నా చేతిలో ఏ పనిముట్టు పెట్టినా అది నా బొటనవేలి మీదే పడేది.

అక్క గోళ్ళలో గ్రీజు ఏ సబ్బుకీ పోదు. పెళ్ళికెళ్ళినా ఆ చేతులతోనే వెళ్తుంది. ఎవరైనా చూసి మొహం చిట్లిస్తే, "ఏం చూస్తున్నారు, కాటుకనుకోండి" అంటుంది. రాట్నం తిరుగుతుంటే నడిమి స్తంభానికి చెవి ఆనించి, డాక్టరులా కళ్ళు మూసుకుని నిలబడుతుంది. "ఏడో గుర్రానికి దాహమేస్తోంది" అని నూనెడబ్బాతో పరిగెడుతుంది. ఎక్కిన పిల్లలు నవ్వుతారు. అక్క చెప్పింది మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు, అదీ మంట!

నా సంగతి చెప్పాలంటే, నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటుంది. పచ్చి అబద్ధం. నా కోపం ముక్కు దాకా ఎక్కడొస్తుంది, ముందే నోట్లోంచి వచ్చేస్తే!

అలాంటి నా చెవిన ఒకరోజు మేనేజరు గారి కబురు పడింది. పార్కుని పెంచుతున్నారట. జనం చేత కేకలు పెట్టించే పెద్ద రోలర్ కోస్టర్ వస్తుందట. దాని స్తంభాలు సరిగ్గా మా రాట్నం ఉన్న చోటే దిగాలట. అందుకని రాట్నాన్ని విప్పి, పడవల కొలను అవతల మెట్ట మీద పెడతారట. నేను ఒంటికాలి మీద లేచాను. నలభై ఏళ్ళుగా గేటు దాటగానే కనబడే గుర్రాలని ఎక్కడో మూలకి తోలతారా? తాతలు ఎక్కిన చోటే మనవలు ఎక్కద్దూ? పాతదాన్ని కదిపితే ఇంకేమన్నా మిగులుతుందా? టిక్కెట్టు కోసం వచ్చిన ప్రతివాడి చేతా సంతకం పెట్టించాను. వారం తిరిగేసరికి రెండు వేల సంతకాలయ్యాయి.

ఆ కట్ట తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద ధన్‌మని పడేశాను. ఆయన పాపం మెత్తని మనిషి. కళ్ళజోడు తుడుచుకుని, "రోజూ దాంతో ఉండేది మీరు కదమ్మా, మీరేమంటారు?" అని అక్కని అడిగాడు.

"జరిపెయ్యండి సార్" అంది అక్క, చల్లగా.

నా నోట మాట పెగల్లేదు. జన్మలో మొదటిసారి.

ఇంటికొచ్చాక మాత్రం పెగిలింది. "నాన్న నిలబెట్టిన చోటే అది! నీకు కొంచెమైనా ఉందా?" అని అరిచాను.

"నాన్న అక్కడ నిలబెట్టలేదురా, అక్కడ చవగ్గా ఖాళీ ఉంటే పెట్టారు. వానొస్తే కింద గోతిలో మోకాలిలోతు నీళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా బకెట్లతో తోడుతున్నది ఎవరు, నువ్వా? పళ్ళచక్రాలు తుప్పు పట్టి అరిగిపోతున్నాయి. ఇంకో రెండు వానాకాలాలు అక్కడే ఉంటే అది తిరగదు. అప్పుడు నీ రెండు వేల సంతకాలూ కూర్చుని తిప్పుతాయా?"

జవాబు లేదు కాబట్టి మాటలు మానేశాను. అక్కా బావా పై వాటాలో, మేం కింది వాటాలో ఉంటాం. నాలుగు రోజులు మెట్ల మీద ఎదురుపడినా మొహం తిప్పుకున్నాను. "సైకిలు అడ్డం తియ్యమని మీ ఆడపడుచుకి చెప్పు" అని మా ఆవిడతో అనేవాణ్ణి. "సైకిలు ఆయన్నే తీసుకోమను" అని పైనుంచి జవాబొచ్చేది. బావ మాత్రం రెండు వాటాల్లోనూ టీ తాగి, రెండు చోట్లా "నిజమే" అని తలూపి హాయిగా తిరిగాడు.

అసలు ప్రమాదం నాకు తర్వాత తెలిసింది. మేనేజరు అక్కకో షరతు పెట్టాడు. శనివారం సాయంత్రం నాలుగింటికి యజమానులు వస్తారు. కొత్తచోట రాట్నం నిండా మనుషులతో తిరిగితే సరే. తిరక్కపోతే అదే రోజు పాత ఇనప సామాను లారీ ఎక్కుతుంది. అక్క సరేనంది. ఆ రాట్నం తప్ప అక్కకి వేరే పని రాదు. నేర్పినా చెయ్యదు.

విప్పేటప్పుడు గుర్రాల రంగు గీసుకుపోకుండా గోనెపట్టాలు చుట్టారు. చుట్టాక, ఇంకా విప్పకముందే, నా చేతిరాత బాగుంటుందని, గుర్రాలకి అంకెలు వెయ్యమని నాకు చెప్పారు. అలకలో ఉన్నా చేతిరాత పొగిడితే కాదనలేం కదా. చుట్టిన పట్టాల మీద సున్నపు బలపంతో ముత్యాల్లా వేశాను, ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా. పైనున్న దూలాలకి అక్క ఎప్పుడో వేసిన పెయింటు అంకెలు ఉండనే ఉన్నాయి. ఒకటో దూలం కింది గుర్రంతో మొదలెట్టాను, ఆ తర్వాత తలెత్తి చూడనే లేదు. ఏ అంకె గుర్రం ఆ అంకె దూలానికి తగిలించడమే పని. ఆ మూడు రోజులూ అక్క, మెట్ట మీద ముందే పోసి ఉంచిన కొత్త పునాదిలో పళ్ళచక్రాలతోనే ఉంది. గుర్రాలని పనివాళ్ళు బిగించారు.

శనివారం పొద్దున్నే ఏడింటికి, పట్టాలు విప్పకుండానే ఒకసారి తిప్పి చూశారు. అబ్బో, ఏం చప్పుడది! ఒక గుర్రం పైకి లేవనే లేదు. ఇంకోటి కిందికొచ్చి చెక్కని ధభీమని గుద్దింది. అక్క వెంటనే ఆపేసింది.

"అన్న ముందే చెప్పాడు, పాతదాన్ని కదపద్దని" అన్నాడొక పనివాడు. అందరూ నావైపు గౌరవంగా చూశారు. దాచుకోవడమెందుకు, నాకు ఒళ్ళంతా చక్కిలిగిలి పెట్టినట్టయింది. రొమ్ము కూడా కొంచెం విరుచుకున్నాను.

అక్క చెక్క మీద కూలబడింది. "ఒకటోదీ, పదమూడోదీ చక్కగా ఆడుతున్నాయి. మిగతావన్నీ తేడా. గుర్రాలకున్న గొట్టాలు నాన్న చేత్తో కోశారు, ఏ దూలానికా దూలం కొలిచి. ఏ రెండూ ఒక్క పొడుగు కావు. అన్నీ ఒకేసారి ఎలా పాడవుతాయిరా?" అంది. నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. పాపం అలక కూడా మర్చిపోయింది.

ఒకటీ, పదమూడూ. వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను.

నేను ముప్ఫై ఏళ్ళూ కౌంటర్లో కూర్చుని చూసినవాణ్ణి. నాకు ఒకటో గుర్రం ముందు వెళ్తుంది, దాని వెనకొచ్చేది రెండోది. అక్క నూనెడబ్బా పట్టుకుని, గుర్రాలు చూసే వైపే నడిచే మనిషి. ఆవిడకి ఒకటో గుర్రానికి ముందున్నది రెండోది. అంకెలు నేను నా లెక్కన వేశాను, దూలాలకి ఉన్నవి ఆవిడ లెక్కన ఉన్నాయి. ఒకటీ పదమూడూ తప్ప ఇరవై రెండు గుర్రాలు పరాయి దూలాలకి వేళ్ళాడుతున్నాయి.

ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. నోరు మూసుకుంటే ఊరంతా నన్నే మెచ్చుకుంటుంది. "వాడు చెప్పాడు, వినలేదు" అంటారు. మనిషన్నాక ఆ ఆశ పుట్టదా? పుట్టింది. అక్క మొహం చూశాను. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా గోతిలో నీళ్ళు తోడుతూనే ఉన్న మనిషి, ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నా మీద నాకే అసహ్యమేసింది.

"అక్కా, తప్పు నాది. అంకెలు తిరగేసి వేశాను" అన్నాను, అందరూ వినేలాగే.

అక్క లేచి దగ్గర్లో ఉన్న గోనెపట్టా చర్రున లాగింది. ఇంకోటి లాగింది. నల్లగుర్రం వెనకుండాల్సిన తెల్లది ముందుకొచ్చి కూర్చుంది. అక్క ఒక్క క్షణం నన్ను చూసి, చేతిలోని నూనెగుడ్డ నా మొహాన కొట్టింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "తిక్క సన్నాసీ! గుర్రాలన్నిటినీ తోక నుంచి లెక్కపెట్టావా!"

బలపం మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "నన్ను నమ్ముతావా?" అన్నాను.

"ఎక్కడ తప్పావో నీకే కదా తెలుసు. నువ్వే దిద్దు. నాకు చక్రాల పనుంది."

ఇరవై రెండు గుర్రాలు విప్పి, మోసి, బిగించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బావ "నిజమే" అనడం మానేసి మొదటిసారి బరువెత్తాడు. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి, "వదినా, ఈయన్ని కూడా ఒక గొట్టానికి బిగించెయ్యండి" అంది. నాలుగింటికి పది నిమిషాలుందనగా ఆఖరి మర బిగిసింది. తిప్పి చూసుకునే వ్యవధి కూడా లేదు.

యజమానులు వచ్చారు. పనివాళ్ళూ, మా ఆవిడా, బావా, పడవలవాళ్ళూ తలో గుర్రం ఎక్కారు. ఒక్క గుర్రం ఖాళీగా మిగిలింది. అక్క చెయ్యి తుడుచుకుని తనే ఎక్కి కూర్చుంది. నేను వేసిన అంకెలు ఒక్కటీ సరిచూసుకోలేదు. "ఒరేయ్, పిడి లాగు" అంది.

లాగాను. రాట్నం మెల్లిగా కదిలింది. ఒక గుర్రం లేచింది, పక్కది దిగింది, దాని ముందుది లేచింది. ఎక్కడా చప్పుడు లేదు. అక్క నా ముందుకొచ్చింది.

"వింటున్నావా, ఎంత మెత్తగా ఉందో!" అని అరిచి వెళ్ళిపోయింది.

రెండో చుట్టులో, "నాన్న ఉంటే ఇప్పుడు..." అంటూ దాటిపోయింది.

మూడో చుట్టులో, "...నిన్ను తన్నేవారు!" అంది, పక్కున నవ్వుతూ.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఒక సవారీకి ఉండే మూడు నిమిషాలూ దాటాయి. మేనేజరు గడియారం చూసి నాకు సైగ చేశాడు. అప్పుడే అక్క మళ్ళీ వచ్చింది, రెండు చేతులూ గాల్లోకెత్తి.

"ఆపకురా!"

నేను ఆపలేదు.