ఆర్డిస్ పట్టుబట్టిన హిచ్

ఆర్డిస్ పెన్నర్ కోపిష్టిదని మా ముఠాలో అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను. పదకొండు వేసవులు ఆమె చేతి వంట తింటూ అన్నాను. ఆ కోపం దేనికో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

మాది గోధుమ కోతల ముఠా. మే నెలలో టెక్సస్‌లో మొదలుపెట్టి, పంట పండే కొద్దీ ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా మీదుగా ఉత్తరానికి జరుగుతూ ఆగస్టు చివరికి మోంటానా చేరతాం. నాలుగు కోత మిషన్లు, మూడు ధాన్యం లారీలు, తొమ్మిది మంది మగాళ్లు, ఒక వంటామె. యజమాని రోలండ్ పెన్నర్. ఆర్డిస్ అతని అన్న భార్య. ఆ అన్న చనిపోయి అప్పటికి ఆరేళ్లు. అన్న బతికున్నప్పుడు ముఠాలో ఆమె మాటకి విలువుండేది. ఆయన పోయాక ఆమె వంటకి మాత్రమే విలువ మిగిలింది.

వంటిల్లు మొత్తం ముప్ఫైనాలుగు అడుగుల ట్రైలర్‌లో ఉండేది. పొయ్యి, రెండు ఫ్రిజ్‌లు, నీళ్ల ట్యాంకు, పిండి బస్తాలు, ఆమె మంచం. దాన్ని పికప్‌తో లాగేది ఆర్డిసే. ఆ ట్రైలర్ మూతి పికప్ వెనక తొట్టి మీదికి వచ్చి, మూతి కిందున్న లావుపాటి పిన్ తొట్టి మధ్యలో బిగించిన ఇనుప కొక్కెం, అంటే హిచ్‌లో కూర్చుంటుంది. బరువంతా ఆ హిచ్ మీదే.

ఆ ఏడాది మార్చిలో పాత పికప్ ఇంజిను పోయింది. దాని తొట్టి ఎనిమిది అడుగులది. రోలండ్ దాన్ని వదిలించుకుని నాలుగు తలుపుల కొత్త బండి తెచ్చాడు. కూర్చునే చోటు పెరిగింది, తొట్టి ఆరున్నర అడుగులకి తగ్గింది. పాత హిచ్‌నే విప్పి ఇందులో బిగించాడు. ఆర్డిస్ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇది పొట్టిది రోలండ్. మలుపు గట్టిగా తిప్పితే ట్రైలర్ మూల వచ్చి నా తలకాయకి తగులుతుంది. వెనక్కి జరిగే హిచ్ పెట్టించు."

"గట్టిగా తిప్పకు మరి," అన్నాడు రోలండ్.

మేం నవ్వాం.

ఏప్రిల్‌లో ఇంకోసారి అడిగింది. బయల్దేరే రోజు మూడోసారి అడిగింది. అప్పుడతను టైర్లలో గాలి చూసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

జూన్ రెండో వారంలో కాన్సస్‌లోకి అడుగుపెట్టాం. వరసగా వెళ్తున్న బళ్లలో ఆర్డిస్‌ది మూడోది, వెనక లారీలో నేను. ఒక చిన్న ఊరి కూడలిలో ఆమె కుడికి తిరగబోతుండగా, ఎదురుగా పశువుల లారీ ఒకటి వచ్చి సగం రోడ్డు ఆక్రమించి ఆగింది. ఆమెకి మిగిలింది ఇరుకు మలుపే. తిప్పింది. ట్రైలర్ ముందు మూల నేరుగా వెళ్లి డ్రైవరు సీటు వెనకున్న అద్దాన్ని గుద్దింది. ఆ శబ్దం నాకు లారీలోకి వినిపించింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి ఆమె స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. జుట్టునిండా గాజుముక్కలు. మెడ వెనక నుంచి రక్తం చొక్కాలోకి కారుతోంది.

రోలండ్ వెనక్కి నడిచి వచ్చాడు. వచ్చి ముందు ట్రైలర్ మూల చూశాడు. చేత్తో తడిమాడు. ఆ తరువాత పికప్ కప్పు చూశాడు. ఆమెని మూడోసారికి గాని చూడలేదు.

"ఎంత వెడల్పుగా తిప్పాలో తెలీదా ఆర్డిస్?" అన్నాడు.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంటుంది. "ఇంకాస్త ముందుకెళ్లి తిప్పాల్సింది," అన్నాను. పశువుల లారీని నా కళ్లతో చూసి కూడా.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు తిట్టుకన్నా హీనంగా తగిలింది.

డాక్టరు మెడకి మూడు కుట్లు వేశాడు. పికప్ వెనక అద్దం స్థానంలో ప్లాస్టిక్ పట్టా అతికించి, నెమ్మదిగా పొలాల దగ్గరికి చేరాం. మర్నాడు ఉదయం ఐదున్నరకి టిఫిను కోసం వెళ్తే పొయ్యి వెలగలేదు. బల్ల మీద రెండు రొట్టెల పొట్లాలు, ఒక బొలోనా మాంసం ముద్ద, ఒక కత్తి. ఆర్డిస్ అక్కడ లేదు. పికప్‌నీ ట్రైలర్‌నీ తీసుకుని ధాన్యం గోదాముకి వెళ్లింది. మా లారీలు రోజూ తూకం వేయించుకునే కాటా అక్కడే ఉంది.

కాటా మీదికి ముందు పికప్‌ని ఒక్కదాన్నే ఎక్కించింది. తరువాత ట్రైలర్ తగిలించి రెండింటినీ ఎక్కించింది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేసింది. నీళ్లు, పిండి, గ్యాసు, గిన్నెలతో కలిపి ట్రైలర్ బరువు పద్నాలుగు వేల మూడు వందల పౌండ్లు. ఆ తరువాత గిన్నెలు తోమే ఇనుప పీచు తీసుకుని హిచ్ పక్కన తుప్పు పట్టిన రేకుని గీకింది. ఆ రేకు మీద, ఈ హిచ్ పన్నెండు వేల పౌండ్ల వరకే అని రాసి ఉంది.

పదకొండేళ్లుగా అదే హిచ్.

తిరిగొచ్చి కాటా చీటీని రోలండ్ చొక్కా జేబులో పెట్టింది. "చదువుకో. నేను మలుపు తిప్పడం రాక కాదు. నువ్వు నన్ను ఏ రోడ్డు మీదికి పంపినా చావడానికే పంపావు. హిచ్ మారేదాకా పొయ్యి వెలగదు."

"ఆర్డిస్, శుక్రవారం వాన అంటున్నారు. గోధుమ కొయ్యకుండా నిలబడి ఉంది. ఇప్పుడా ఈ గొడవ?"

"మార్చిలో చెప్పాను. అప్పుడు వానలేదు."

"మనుషులు ఏం తింటారు?"

"బొలోనా ఉంది. కత్తి ఉంది. చేతులు ఉన్నాయి."

ఇది విని ఎవరూ నవ్వలేదు.

హిచ్ కొనడానికి వెళ్తూ, బరువులు ఎత్తడానికి ఒక మనిషి కావాలని ఆర్డిస్ అంటే నేను వెళ్లాను. నిజానికి నా తప్పు కడుక్కోవడానికి వెళ్లాను. నలభై మైళ్ల దారిలో వెనక పట్టా ఒకటే టపటపలాడింది.

హైవే పక్కన ట్రైలర్ సామాన్లు అమ్మే కొట్టు. అమ్మేవాడు ట్రెంట్ అని ముప్ఫై ఏళ్ల మనిషి. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "చెప్పండి సార్, ఏం లాగుతున్నారు?"

"లాగేది నేను," అంది ఆర్డిస్. చేతిలోని కాగితం విప్పింది. ఇరుసు మధ్య నుంచి క్యాబిన్ దాకా ఎన్ని అంగుళాలు, ట్రైలర్ మూతి ఎంత వెడల్పు, పిన్ నేల నుంచి ఎంత ఎత్తు, తొట్టి అంచుకీ ట్రైలర్ అడుగుకీ మధ్య ఎంత సందు, అన్నీ రాసుంది.

ట్రెంట్ ఆ కాగితాన్ని ఒకసారి చూసి, మళ్లీ నాతోనే మాట్లాడాడు. "మీకు చేత్తో జరిపే రకం చాలు సార్. చవక, తేలిక. ఇరుకు మలుపు వచ్చినప్పుడు దిగి లివర్ లాగి, ట్రైలర్ బ్రేకు పట్టి బండి కాస్త ముందుకి పోనిస్తే హిచ్ వెనక్కి జరుగుతుంది. మలుపయ్యాక మళ్లీ అలాగే."

"బాబూ, ఇటు చూడు," అంది ఆర్డిస్. "నేను నడి కూడలిలో ఉన్నాను. ఎదురుగా పశువుల లారీ. వెనక మూడు ధాన్యం లారీలు. అప్పుడు దిగమంటావా?"

"ముందే చూసుకుని ఆపుకోవాలి మేడమ్."

"ముందే తెలిసిన మలుపులో ఎవడూ అద్దం పగలగొట్టుకోడు. తెలియనప్పుడు కాపాడేది కావాలి నాకు. మలుపుతో పాటు తనే జరిగి, బండి తిన్నగా అయ్యాక తనే వెనక్కొచ్చే రకం చూపించు."

అతను దాన్ని చూపించాడు. ఉక్కు పట్టాల మీద కూర్చున్న బరువైన హిచ్. పైభాగాన్ని పక్కకి తిప్పితే కింది భాగం దానంతటదే వెనక్కి నడిచింది. ఆర్డిస్ వంగి, కింద చెయ్యి పెట్టి, బెత్తెలతో కొలిచింది. పక్కనున్న రేకు చదివింది. పదహారు వేలు.

"ఇది చాలా బరువు మేడమ్. దీన్ని తీసి తొట్టి ఖాళీ చెయ్యాలంటే మీ వల్ల కాదు. గ్రీజు కూడా పెడుతుండాలి."

"తొమ్మిది మందికి మూడు పూటలా వండుతున్నాను. గ్రీజు పెట్టడం రాదా నాకు? సరే, మా ట్రైలర్ పిన్‌కి బిగించే పలక ఏది?"

ట్రెంట్ వెనక అరల వైపు చూశాడు. "అది ఇప్పుడు స్టాకులో లేదు. అది లేకపోయినా నడుస్తుంది లెండి."

నేను ఆ రోజు వరకు ఆ పలక సంగతి వినలేదు. ఆర్డిస్ గోదాము ఆఫీసు ఫోను నుంచి ఈ హిచ్‌లు తయారుచేసే వాళ్లకే ముందుగా ఫోన్ చేసి, అరగంట అడిగి తెలుసుకుందట. పలక ఉంటే పిన్ హిచ్ నోట్లో గిర్రున తిరగదు. అప్పుడే ట్రైలర్‌తో పాటు హిచ్ తల తిరుగుతుంది. తల తిరిగితేనే అది జరుగుతుంది. పలక లేకపోతే అది కదలని పాత హిచ్‌తో సమానం.

ఆమె గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించింది. "నడుస్తుందా? నా మెడ చూడు." కట్టు కిందికి లాగింది. "పాతదీ నడుస్తుందనే నాకు చెప్పారు. నువ్వు అమ్మే సామాను ఎలా పనిచేస్తుందో నీకు తెలీదు. తెలీదని చెప్పకుండా తెలిసినట్టు చెప్తున్నావు. నీలాంటి వాళ్ల మాట మీద నా ప్రాణం రోడ్డెక్కింది. పలక తెప్పించు. వచ్చాకే బిగించు. బిల్లు రోలండ్ పెన్నర్ పేరు మీద రాయి."

ట్రెంట్ మొహం ఎర్రబడింది. మొదటిసారి ఆమె కళ్లలోకి చూసి, "రెండు రోజులు పడుతుంది మేడమ్," అన్నాడు.

రెండు రోజులు మేం బొలోనా తిన్నాం. రోలండ్ తలుపులు విసిరికొట్టాడు, ఫోనులో అరిచాడు, ఆమె జోలికి మాత్రం వెళ్లలేదు. గురువారం మధ్యాహ్నానికి కొత్త హిచ్, కొత్త అద్దం బిగించుకుని ఆమె గోదాము ఆవరణలోకి వచ్చింది. లారీలు ఖాళీ చేస్తున్న వాళ్లం అందరం అక్కడే ఉన్నాం.

"రోలండ్, ఎక్కు. వెనక సీట్లో, నా వెనకే కూర్చో."

"దేనికి?"

"మార్చి నుంచి నేను కూర్చున్న చోటు ఎలా ఉంటుందో చూద్దువు గాని."

అందరి ముందూ కాదనలేక ఎక్కాడు. ఆమె బండిని పోనిచ్చి, స్టీరింగ్ కుడికి ఆఖరిదాకా తిప్పింది. ట్రైలర్ మూల అద్దం వైపు రావడం మొదలైంది. అది దగ్గరపడుతుంటే రోలండ్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని సీటులోకి కుంగిపోయాడు. తొట్టిలో ఉక్కు గరగరమంది. హిచ్ వెనక్కి జరిగింది. మూల అద్దానికి జానెడు దూరంలోంచి నింపాదిగా దాటిపోయింది. ఆమె బండిని అక్కడే ఆపి, అతను తల ఎత్తేదాకా ఆగింది.

"నాకు తల దించుకునే టైము దొరకలేదు," అంది.

అతను దిగి, ఎవరి మొహమూ చూడకుండా లారీల వైపు నడిచాడు. నేను ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి, "ఆ రోజు నేనన్నది తప్పు," అన్నాను.

"తప్పు కాదు మర్విన్, అబద్ధం. నువ్వు లారీని చూశావు." అంటూనే బండి పోనిచ్చింది. ఆ సాయంత్రం బంగాళాదుంపలు, పంది మాంసం వేపుడు పెట్టింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. జూలై చివర్లో సౌత్ డకోటాలో వాన పడి పని ఆగితే, చర్చి హాలులో కోతల ముఠాలన్నిటికీ భోజనం పెట్టారు. లిండ్‌క్విస్ట్ అనే ఇంకో యజమాని, అతని భార్య ఎల్వా మా బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్లదీ పొట్టి తొట్టి బండేనట. రోలండ్ కుర్చీ వెనక్కి వాల్చాడు.

"నేను అన్నీ పరిశీలించి దానంతటదే జరిగే హిచ్ పెట్టించాను. మన మనుషుల క్షేమం మనమే చూడాలి కదా."

ఆర్డిస్ చేతిలోని ముల్లుగరిటె పళ్లెంలో పెట్టింది. "పిన్‌కి పలక ఎందుకు బిగించాలో ఆయనకి చెప్పు రోలండ్."

రోలండ్ వాల్చిన కుర్చీని మళ్లీ నిటారుగా దించాడు.

"ట్రైలర్ బరువెంత? అదైనా చెప్పు."

పక్క బల్లల వాళ్లు కూడా తినడం ఆపారు. అతను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆర్డిస్ తన కుర్చీని ఎల్వా పక్కకి జరుపుకుని, కాగితపు పళ్లెం తిరగేసి, పెన్నుతో ఇరుసు, పిన్, క్యాబిన్ గీసి, ఎక్కడెక్కడ కొలవాలో చూపించింది. భోజనాలు ముగిసి బల్లలు తుడుస్తున్నా ఇద్దరూ లేవలేదు. ఎల్వా ఆ పళ్లేన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

మోంటానాలో ఆఖరి పొలం కోశాక ఆర్డిస్ తన మంచం, గిన్నెలు దించుకుంది. మరుసటి మే నుంచి లిండ్‌క్విస్ట్ వాళ్ల ముఠాతో వెళ్తోంది. వంటకి మాత్రమే కాదు; వాళ్ల ఏ బండీ ఆమె చూడకుండా రోడ్డెక్కదట. రోలండ్ రెండేళ్లలో నలుగురు వంటవాళ్లని మార్చాడు. కిందటి వేసవి నెబ్రాస్కాలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆమె కనబడింది. బండి కింద పడుకుని ఒక బోల్టు బిగిస్తోంది. ఎవడో దాన్ని వదులుగా వదిలేశాడని తిడుతోంది.