గాజులు వినిపించిన ఆంప్లిఫయర్

ఖరీదైన ఆడియో పరికరాల ప్రదర్శన రాయదుర్గం మెట్రో పక్కన ఒక పెద్ద హోటల్లో పెడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. స్పీకర్లు, ఆంప్లిఫయర్లంటే నాకు పిచ్చి. కొనేది తక్కువ, వినేది ఎక్కువ. ఈసారి మా ఆవిడను కూడా తీసుకెళ్లాలని పట్టుబట్టాను. ఇంట్లో పాట పెట్టి "ఆ వేణువు చుట్టూ గాలి వినిపిస్తోందా?" అని నేను అడిగినప్పుడల్లా ఆవిడ తలెత్తి సీలింగ్ ఫ్యాను వంక చూస్తుంది. మంచి సిస్టం మీద వింటే మారుతుందని నా ఆశ.

"వస్తాలేప్పా. ముందు బాచుపల్లిలో మా పిన్ని కూతురి సీమంతం ఉంది. అది కాకుండా నేను యాడికీ రాను," అంది. మాది అనంతపురం వైపు. ఆవిడ ఒకసారి అన్నదంటే అంతే.

అక్కడ భోజనం చేసి నేరుగా హోటల్‌కి వచ్చాం. ఆవిడ ఒంటి మీద పట్టుచీర, జడలో మల్లెలు, రెండు చేతుల నిండా సీమంతంలో వేసిన ఆకుపచ్చ గాజులు. హోటల్లో ఉన్నవాళ్లంతా నాలాంటివాళ్లే. టీషర్టులు, కళ్లజోళ్లు, పరీక్ష రాయబోతున్నంత గంభీరమైన మొహాలు. జ్యోతి వెలిగించడానికి వచ్చిన ముఖ్య అతిథి అనుకున్నారేమో, ఆవిడ నడుస్తుంటే పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నేను వెళ్లాలనుకున్న గదిలో అయితే ముందు వరుసలో మధ్య కుర్చీ ఖాళీ చేసి మరీ కూర్చోబెట్టారు. ఆవిడకు ఒక పక్క నేను, ఇంకో పక్క మూసాపేట నుంచి వచ్చానని చెప్పిన ఒక తెల్లజుట్టు పెద్దాయన.

నల్ల తెరలు దించారు. గదిని నడిపిస్తున్నాయన విజయవాడ మనిషి, మాట మహా మెత్తన. "ఒకే పాటని రెండు ఆంప్లిఫయర్ల మీద వినిపిస్తానండి. ముందు చిన్నది, తర్వాత మా పెద్దది. కళ్లు మూసుకుని వినండి. తేడా మీరే చెబుతారు," అన్నాడు.

పాత లలితగీతం. వేణువు, తబలా, ఒక ఆడగొంతు. నేను కళ్లు మూసుకున్నాను. రెండో చరణం దగ్గర, గొంతుకి కాస్త ఎడమగా, సన్నగా గలగలమని ఒక చప్పుడు. నా వెన్ను నిటారుగా అయింది. ఈ పాట ఎన్నోసార్లు విన్నాను గానీ ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

పాట అయ్యాక "ఏం విన్నారండి?" అని అడిగాడాయన.

ముందుగా నోరు విప్పింది మూసాపేట పెద్దాయనే. "ఆమె తాళమేస్తుంటె చేతి గాజులు గూడ వినొచ్చినయ్ సార్. ఏం సాఫ్‌గ వినొచ్చినయ్!"

"అవును, ఎడమ పక్కన!" అన్నాడు వెనక వరుసలోంచి ఒకతను. "కొంచెం వెనకగా," అని ఇంకొకతను సవరించాడు. గదిలో సగం మంది తలలూపారు. నేను అందరికంటే గట్టిగా ఊపాను. పాడేవిడ చెయ్యి కూడా నాకు కనిపించినంత పనయింది.

అప్పుడు నా మోచేతి దగ్గర గట్టిగా ఒక గిల్లుడు. మా ఆవిడ చూపుడు వేలితో తన గాజులు చూపించింది. సీమంతం భోజనం మహిమకు కునుకు పడుతుంటే, జారిన కొంగు సర్దుకుందట. అంతే.

నా చెవులు వేడెక్కాయి. "చెప్పేద్దామా?" అన్నాను గొణుగుతూ.

"నోర్మూసుకో," అంది. ఆవిడ కళ్లలో నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

పెద్ద ఆంప్లిఫయర్ మొదలైంది. చిన్న ఫ్రిజ్ అంత ఉంది. ఈసారి మా ఆవిడ రెండు చేతులనూ కొంగులో చుట్టుకుని, భజనలో కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది. పాట అయింది.

"ఇప్పుడెలా ఉందండి?" అన్నాడు విజయవాడ ఆయన గర్వంగా.

వెనక వరుసతను ఇబ్బందిగా అన్నాడు: "గాజులు పోయాయి."

"దుప్పటి కప్పినట్టుంది," అన్నాడు రెండోవాడు.

ఆయన మొహంలో రంగు మారింది. తన సరుకంతటికీ తలమానికం లాంటి యంత్రం చిన్నదాని ముందు తేలిపోయిందాయె. వెనక్కి వెళ్లి తీగలు లాగి చూశాడు, మళ్లీ గుచ్చాడు. "ఇంకొక్కసారి వినండి," అంటూ పాట పెట్టాడు.

రెండో చరణం వచ్చింది. మా ఆవిడ కొంగులోంచి ఒక చెయ్యి బయటికి తీసి, తబలాకి సరిగ్గా కలిసేలా ఒక్కసారి గలుక్కుమనిపించింది.

"వచ్చింది!" అని వెనకాయన కేక.

"చూశారా అండి! ఈ పెద్ద యంత్రాలు వేడెక్కితే గానీ విచ్చుకోవు," అన్నాడు విజయవాడ ఆయన, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

ఆ మాటతో మా ఆవిడ తట్టుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఆగలేదు. పాట అయిపోయింది. గాజులు మాత్రం ఆగలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో గలగల, గలగల. ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. నేను నేల వంక చూశాను.

విజయవాడ ఆయన చేతులు జోడించాడు. "అమ్మా, మీరు పొద్దున్నే వచ్చుంటే బాగుండేదండి. పెద్దదానికి కూడా మొదట్నుంచీ వాయించేవారు." గది మొత్తం నవ్వింది. వెనక వరుసతను తప్ప. అతను రికార్డులో కూడా గాజులున్నాయని వాదిస్తూ బయటికి వెళ్లిపోయాడు.

వరండాలో పెద్దాయన మమ్మల్ని ఆపాడు. "నీ పక్కన్నే కూసున్న గదమ్మా, నాకు తెల్వదా? నీ గాజులేనని తెలిసే అన్న. ఎంతమంది అవునంటరో జర సూద్దామని."

"మీరు బలే ఉన్నారే!" అంది మా ఆవిడ.

"మీ సారే అందరికంటె గట్టిగ తలూపిండు," అంటూ నా భుజం తట్టాడు. నవ్వడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. మా ఆవిడ గాజులన్నీ ఒక్కొక్కటే తీసి సంచిలో వేసి, "ఆ పాట ఇంకోసారి వింటా. అంతమంది అంతలా చెబుతున్నారంటే ఏముందో సూడాల," అని ఒక్కతే ఆ గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పటికి మొహం ప్రశాంతంగా ఉంది.

"చివరి చరణం ముందు ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. నువ్వు విన్నావా?"

"విన్నాను," అన్నాను వెంటనే.

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి లిఫ్టు వైపు నడిచింది. మెట్రోలో ఇంటికి వస్తూ ఆ పాటను ఫోన్లో పెట్టుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు అదిమిపట్టి చివరి చరణం ముందు ఆ ఊపిరి ఉందో లేదో వెతుక్కున్నాను. రైలు చప్పుడులో ఏమీ తెలియలేదు. పక్కన మా ఆవిడ హాయిగా నిద్రపోయింది.