తొమ్మిదడుగుల బోర్డు

మా ఊరి చెక్క వంతెనకు గోడలున్నాయి, పైకప్పు ఉంది, ఆల్డెన్ థిబో కూడా ఉన్నాడు. గోడలూ కప్పూ నూట యాభై ఏళ్లుగా ఉన్నాయి, ఆల్డెన్ ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. ఏటా మార్చిలో ఊరి సభలో అందరం చేతులెత్తి ఆయన్నే వంతెన కాపరిగా ఎన్నుకుంటాం. జీతం లేదు, పోటీ కూడా లేదు. అయినా సభకు వారం ముందునుంచీ ఆయనకు నిద్ర పట్టదు.

ఆకులు ఎర్రబడే రోజుల్లో ఇలాంటి వంతెనలు చూడ్డానికి జనం మా వెర్మాంట్ రాష్ట్రమంతా తిరుగుతారు. వాళ్లలో ఎవరో ఒకరు ఎత్తు బండితో వచ్చి మా కప్పు దూలాన్ని గుద్దుతారు. ఆల్డెన్ పరిగెత్తుకెళ్లి ముందు దూలాన్ని పరామర్శిస్తాడు, ఆ తర్వాత మనిషిని. ఆ మనిషిని బండి పక్కన నిలబెట్టి ఫొటో తీసి, నా కొట్లో కాఫీ పోసుకునే చోట గోడకు కొడతాడు. ప్రతి ఫొటో కిందా ఒకే మాట: "చదువు వచ్చు. చదవలేదు." ఊళ్లోవాళ్లకైనా మినహాయింపు లేదు. బండి మీద క్రిస్మస్ చెట్టుతో సహా పాస్టరు గారున్నారు. ఆల్డెన్ బావమరిది రాల్ఫ్ రెండు చోట్ల ఉన్నాడు.

వాళ్లు చదవనిది వంతెన ముందున్న బోర్డు: "ఎత్తు తొమ్మిదడుగులు." ఆల్డెన్ స్వహస్తాలతో రాసిందే. అసలు ఎత్తు పదడుగులు. "నిజం చెబితే జనం అంగుళం అంగుళం బేరమాడతారు" అని ఒక అడుగు దాచుకున్నాడు.

పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని భార్య రొవీనా పోయిన అక్టోబరులో పట్టు పట్టింది. "ఇన్నేళ్లూ ఒక్క వంతెనతోనే కాపురం చేశావు. మిగతావాటి మొహం కూడా చూద్దాం, పద." లోపల పడకలున్న బండి ఒకటి అద్దెకు తీసుకున్నారు. బండి ఎత్తు తొమ్మిదడుగుల పదంగుళాలు.

మూడు రోజుల్లో పదమూడు వంతెనలు. ప్రతిచోటా ఆల్డెన్ బండి ఆపి, దిగి, పొడుగాటి గడతో కప్పు ఎత్తు కొలిచాడట. వెనక కార్లు హారన్లు కొడుతుంటే ఆ ఊరి బోర్డులో అక్షరాలు వంకరగా ఉన్నాయని నోట్సు రాసుకున్నాడట. "హనీమూన్‌కి సర్వేయరుతో వెళ్లినట్టుంది" అని రొవీనా తర్వాత నాతో అంది.

ఆదివారం మధ్యాహ్నం మా వంతెన దగ్గరికి తిరిగొచ్చారు.

"దిగి కొలవవా?" అంది రొవీనా.

"నా వంతెననా? నిజం పది, మనది తొమ్మిది పది. ఇంకా రెండంగుళాలు మిగులు."

అంతకుముందు జులైలో, అరిగిపోయిన నేలచెక్కలు మార్చాల్సి వచ్చినప్పుడు, పాతవి పీకొద్దు, వాటి మీదే నాలుగంగుళాల కొత్త చెక్కలు వేద్దామని సభలో వాదించి గెలిచింది ఎవరో కాదు, ఆల్డెనే. నేల నాలుగంగుళాలు పైకొచ్చింది. కప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

బండి దూలాన్ని గుద్దిన చప్పుడు నా కొట్లోకి వినబడింది. నేను వెళ్లేసరికి ఆల్డెన్ నిచ్చెన మీద నిలబడి దూలాన్ని నిమురుతున్నాడు.

"దెబ్బ తగిలిందా పెద్దాయనా?" అన్నాను.

"లేదోయ్, కాస్త చెక్క లేచింది, అంతే."

"దూలానికి కాదు, మీకు."

టైర్లలో గాలి తీసి బండిని వెనక్కి లాగాం. రొవీనా కెమెరా తీసింది.

"నిలబడు. ఎలా నిలబడాలో మా తమ్ముడికి రెండుసార్లు నేర్పావుగా."

"అది గోడకెక్కితే మార్చిలో నాకు ఎవరు చెయ్యెత్తుతారే?" అన్నాడు ఆల్డెన్.

"ఎక్కకపోతే నేనెత్తను" అంది రొవీనా.

రెండు రోజులు ఆయన కాఫీకి రాలేదు. మూడో రోజు ఫొటోతో వచ్చి, డోనట్ల బుట్ట వెనక మూల చూపించాడు. "ఇక్కడ కొడతాను."

"అక్కడ ఎవరికీ కనబడదు కదా!"

"తెలుసు."

వెనకే వచ్చిన రొవీనా ఫొటో లాక్కుని, రాల్ఫ్ రెండు ఫొటోల మధ్య పెట్టి మేకు కొట్టింది. దాని కింద ఆల్డెన్ దస్తూరీలోనే ఉంది: "చదువు వచ్చు. బోర్డు రాసింది కూడా ఇతనే."

మార్చి సభలో వంతెన కాపరి సంగతి వచ్చింది. ఆల్డెన్ తన బూట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. మొదటి చెయ్యి పాస్టరు గారిది. తర్వాత గోడమీద ఫొటోలున్న మా ఊరివాళ్లందరివీ లేచాయి. రాల్ఫ్ రెండు చేతులూ ఎత్తాడు.

"ఒకటి దించండి" అంది సభాధ్యక్షురాలు.

"రెండుసార్లు గుద్దానమ్మా" అన్నాడు రాల్ఫ్.

బయటికొచ్చాక ఆల్డెన్‌ని అడిగాను. "ఇక బోర్డు సరిచేస్తారా?"

"ఎందుకూ?" అన్నాడు, అప్పటికే ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "ఇప్పుడు నేను దాచింది ఎనిమిదంగుళాలేగా. అబద్ధం దానంతటదే తగ్గింది."