ఒంటె శివంగి వచ్చేసింది!

ఆ రోజుల్లో ఏ కబురూ మా ఇంటికి నేరుగా వచ్చేది కాదు. ఎవరో ఒకరి నోట పడి, రైలెక్కి, సగం తమిళంలో తడిసి, సగం తెలుగులో ఆరి, ఆఖరికి మా గుమ్మంలోకి వచ్చేసరికి దాని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు తయారయ్యేది. ఇప్పుడు చేతిలో ఫోనుంది, అడిగితే ఆఫ్రికా అడవిని అరచేతిలో పెడుతుంది. అప్పుడు మా ఇంటి మొత్తానికి ఉన్నది మామ బటన్ ఫోను ఒక్కటే. అందులో ఆడుకోవడానికి ఒక పాము ఉండేది గానీ, అంతకుమించి జంతు విజ్ఞానం ఏమీ ఉండేది కాదు. పైగా మాది సూళ్లూరుపేట. కాసేపు రైల్లో కూర్చుంటే చాలు, స్టేషను బోర్డులు తమిళంలోకి మారిపోతాయి. అందుకని మా ఊళ్ళో ప్రతివాడికీ తనకు తమిళం వచ్చుననే ఒక గట్టి నమ్మకం. (వచ్చేది ధర అడిగే 'ఎన్న విలై', తిన్నావా అనే 'సాప్టాచ్చా' వరకే.) ఆ నమ్మకమే మా మామ పెళ్ళిని పీటల దాకా రాకముందే పట్టాలు తప్పించబోయింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తమిళనాడులోకి దాటగానే వచ్చే గుమ్మిడిపూండిలో ఒక ఇనుప షెడ్డులో వెల్డరు. రోజూ పొద్దున రైలెక్కి వెళ్ళి, సాయంత్రం ఒళ్ళంతా ఇనుప వాసనతో దిగేవాడు. మా ఇంటి పక్కనే మా అవ్వ ఇల్లు. అవ్వంటే మామ తల్లి. నాకప్పుడు పన్నెండేళ్ళు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మా ఇంట్లో పడేసి అవ్వ అరుగు మీద చేరేదాన్ని. వానలు వెనకబట్టి చలి మొదలవుతున్న ఒక సాయంత్రం మామ ఎగురుకుంటూ వచ్చాడు. మద్రాసు అవతలున్న పెద్ద జూలోకి కొత్త జంతువు రాబోతోందట. దానికి కొట్టం కడుతున్నారట. ఆ కంచె, గేట్లు అన్నీ మామ వాళ్ళ షెడ్డులోనే తయారవుతున్నాయట!

"ఏం జంతువురా?" అంది అవ్వ, చేటలో బియ్యం వదలకుండానే.

"మా మేస్త్రీ చెప్పినాడుమా. ఒట్టగచ్చివింగి అంట."

"అంటే ఏందిరా?"

మామ చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, సభలో అర్థతాత్పర్యాలు చెప్పే పండితుడిలా నిదానంగా అన్నాడు. "ఒట్టగం అంటే ఒంటె. చివింగి అంటే ఇంకేముండాది, మన శివంగే. ఒంటె శివంగి. ఒంటంత ఎత్తుండే శివంగి అన్నమాట."

అవ్వ చేట కింద పెట్టేసింది. మామూలు శివంగి పేరు చెబితేనే పిల్లలం అన్నం గబగబా తినేసేవాళ్ళం. అలాంటిది ఒంటెంత శివంగి! ఆ రాత్రికి వీధి చివర దాకా కబురు పాకింది. మర్నాటి నుంచి సాయంత్రం రైలు కూత వినబడితే చాలు, పిల్లాపీచూ అంతా అవ్వ అరుగు మీద హాజరు. మామ కాళ్ళు కడుక్కునే లోపే ప్రశ్నలు మొదలు. మామ కూడా తక్కువ వాడేం కాదు, రోజుకొక ముక్క చొప్పున ఊరించి చెప్పేవాడు. ఇవాళ స్తంభాలు చేశాం, నిలబెడితే ఒకరి మీద ఒకరు ముగ్గురు మనుషులెక్కినా పైకొస అందదు. ఇవాళ గేటు చేశాం, వెడల్పు తక్కువే గానీ, ఎత్తు మాత్రం తేరు దూరేంత. ఒకరోజు వచ్చి, "తిండి తొట్టిని తీసకపొయ్యి స్తంభం పైన, ఆకాశంలో కట్టమన్నారుమా" అన్నాడు.

అందరం అవ్వ వంక చూశాం. మా వీధికి అనుమానాలు తీర్చే కోర్టు ఆవిడే. అవ్వ కాసేపు ఆలోచించి, "కింద పెడితే తిండి పెట్టేవోణ్ణి కూడా కలిపి తినేస్తాదిరా. అందుకని పైన పెట్టినారు. ఎగిరి అందుకోవాల" అని తీర్పు చెప్పింది. ఎంత సబబుగా ఉందో! తొట్టిలో రోజూ ఒక మేకపోతును వేస్తారని నేను మా క్లాసులో చెప్పాను. (ఆ మేకపోతు నా సొంత చేర్పు. ఇంత పెద్ద కథలో ఒక్క మేకపోతుకు చోటుండదా?)

ఇదిలా ఉండగా మామకు కోట అనే ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రికి రొయ్యల గుంటలున్నాయి. మేము ఆయన్ను కోటాయన అనేవాళ్ళం. అమ్మాయి జువాలజీలో డిగ్రీ చదివింది. ఫోటోలో చూస్తే నాకు తెగ నచ్చేసి, అప్పుడే 'కోటక్క' అని పేరు పెట్టేశాను. ఆమె గురించి మధ్యవర్తి చెప్పీ చెప్పకుండా చెప్పినవి రెండు మాటలు. ఒకటి, పిల్ల ఎత్తు. మామకంటే బెత్తెడు ఎక్కువే ఉంటుంది. రెండు, కాస్త కోపం. అప్పటికే చూడవచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కాఫీలు తాగి, ఎత్తు గురించి తమలో తాము గుసగుసలాడుకుని వెళ్ళారట. అందుకని ఈసారి పెళ్ళిచూపులనగానే ఆమె తండ్రితో, "నన్ను చూసేదానికి నేనేమన్నా జూలో జంతువునా?" అని ఎగిరిపడిందట. కోటాయన పాపం మొహమాటంగా ఆ మాటే ఫోనులో అవ్వకు చెప్పాడు, అర్థం చేసుకోండి అన్నట్టుగా.

పక్కనే వింటున్న మామ ఫోను లాక్కున్నాడు. "పాప చెప్పింది న్యాయమే మామా. అట్లయితే జూకే పోదాం. ఆ పాప జంతువుల్ని చూస్తాది, మేం కూడా జంతువుల్నే చూస్తాం. ఎవురూ ఎవుర్నీ చూడాల్సిన పన్లా." అవతల ఎవరో ఆడమనిషి నవ్వు వినబడింది. మామ ఆ నవ్వును అలాగే చెవికి అతికించుకుని రెండు రోజులు తిరిగాడు. వెల్డింగు చేస్తూ వేలు కాల్చుకున్నాడు కూడా.

ఇక చూడండి మా ఏర్పాట్లు! ఎండాకాలంలో పోతే జంతువులు నీడన పడి నిద్రపోతాయి కాబట్టి క్రిస్మస్ సెలవుల్లోనే పోవాలన్నాడు మామ. "ఇంటి పక్కన పులికాట్లో ఎర్రకాళ్ళ కొంగలు టికెట్టు లేకండా కనిపిస్తాయి కదరా" అని అవ్వ సణిగింది గానీ, పులిహోరకు చింతపండు మాత్రం ముందురోజే నానబెట్టింది. మంగళవారం జూకు సెలవని తెలిసి, "చూస్తిరా, జంతువులు కూడా మంగళారం పూట బయటికి రావు" అని ఆనందపడింది. మామ పథకం అసలుది వేరే ఉంది. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఒట్టు వేయించుకున్నాడు. "ఒంటె శివంగి సంగతి కోటోళ్ళకు ఒక్క ముక్క చెప్పబాకండి. అక్కడికి పోయినాక, ఇదిగో ఈ కంచె నేను కట్టిందే అని చూపిస్తా. అంత శివంగిని ఆపిన చెయ్యంటే ఆమెకు నమ్మకం కుదురుతాది." సమస్యల్లా ఒక్కటే. శివంగి ఇంకా లారీ దిగలేదు. ఇవాళా రేపా అంటున్నారు.

ప్రయాణం రోజు పొద్దున్నే మామ, అవ్వ, నేను స్టేషనుకు చేరాం, కోటోళ్ళు అక్కడికే వచ్చి కలవాలి. మంచు ఇంకా విడలేదు. అవ్వ నా భుజం పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది, ఆమె కంట్లో పొర. మామ టికెట్ల దగ్గర ఫోను చెవిన పెట్టుకుని మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. సరిగ్గా అప్పుడే గేటులోంచి కోటాయన, ఆయన వెనకాల ముదురాకుపచ్చ చీరలో కోటక్క లోపలికి వచ్చారు. ఫోటో అబద్ధం చెప్పలేదు. తండ్రి తల మీదుగా ఆమె ముఖం మొత్తం కనబడుతోంది. నేను చెయ్యి ఊపబోయాను. అంతలో మామ ఫోను ఆపి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడి, ఆనందం పట్టలేక స్టేషనంతా దద్దరిల్లేలా అరిచాడు.

"అమ్మా! ఒంటె శివంగి వచ్చేసిందే!"

అవ్వ ఊరుకుంటుందా? అంతకంటే గట్టిగా అందుకుంది. "వచ్చేసిందా! యాడ్రా? చెప్పినంత ఎత్తుండాదా? మీదపడి కరవదు కదా?"

కోటక్క ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ ఎత్తుకు 'ఒంటె' అనీ, కోపానికి 'శివంగి' అనీ మాటలు పడ్డ పిల్ల ఆమె. ఆ రెండు పేర్లనూ కలిపి వాడిన మొదటి సంబంధం మాదే. మామ వెనక్కి తిరిగి ఆమెను చూసి, నోరంతా తెరిచి నవ్వాడు. ఆ సమయంలో నవ్వకుండా ఉంటే బాగుండేది.

"నాయనా, ఇంటికి పోదాం పా" అంది కోటక్క.

కోటాయన ఒకసారి కూతురి వంక, ఒకసారి మా వంక చూశాడు. మామ నవ్వు అలా అలా చిన్నదై ఆరిపోయింది. మా మామను నేను అలా ఎప్పుడూ చూడలేదు. అప్పుడే అర్థమైంది నాకు, ఈయన వేలు కాల్చుకున్నది ఊరికే కాదని. ఇక ఒట్టు, రహస్యం అన్నీ గాలికి పోయాయి. "దేవుడి సాక్షి, నిన్ను కాదు! జూలోకి వచ్చిన జంతువు. నేనే దానికి కంచె కట్టినా" అంటూ మొదటి నుంచి అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. అవ్వ మధ్యమధ్య తొట్టి సంగతి గుర్తుచేసింది. నేను మేకపోతును కలిపాను.

కోటక్క అంతా విని, చేతులు కట్టుకుంది. "నేను చదివిందే జువాలజీ. ఒంటె శివంగి అనే జంతువు ఈ భూమ్మీద లేదు. అబద్ధం చెప్పినా అతికేట్టు చెప్పాల."

"లేకపోతే నన్నే ఆ కంచెలో పెట్టి తాళం వేసిపొయ్యి, మీ ఊరికెళ్ళిపో" అన్నాడు మామ.

ఆమె తండ్రి వంక తిరిగి, "సరే నాయనా, చూసే పోదాం. తాళం వేసే పని నాది" అంది. రైలొచ్చింది.

ఆ ప్రయాణమంతా కోటక్క కిటికీలోంచి బయటికి, మామ తన కాళ్ళ వంకా చూస్తూ కూర్చున్నారు. అవ్వ పులిహోర పెట్టబోతే కోటాయన ఒక్కడే మొహమాటానికి తిన్నాడు. సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి, ఇంకో కరెంటు రైలెక్కి, జూ చేరాం. పులులున్నాయట, చూడలేదు. నీటిగుర్రం ఆవలించిందట, దాన్నీ చూడలేదు. మామ ముందు, వెనక కోటక్క, ఆ వెనక అవ్వను లాక్కుంటూ నేను, అందరం నేరుగా కొత్త కొట్టం వైపు నడిచాం. దూరం నుంచే ఎత్తయిన స్తంభాలు కనబడ్డాయి. "అదే, అదే!" అని మామ పరిగెత్తాడు. పరిగెత్తి, కంచె దగ్గర ఒక్కసారిగా నిలబడిపోయాడు.

లోపల జిరాఫీ నిలబడి ఉంది. ఆకాశంలో కట్టిన తొట్టిలోంచి తాపీగా ఆకులు నములుతోంది.

జిరాఫీ మాకు తెలియని జంతువేం కాదు. మా బడి గోడ మీద చార్టులో 'జి' పక్కన మెడ చాపుకుని ఉండేది. మామకూ తెలుసు. తెలుసు కాబట్టే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ చూసి, గేటు కదిపి, ఆఖరికి ఏడుపు గొంతుతో, "అమ్మా, మన శివంగి కొట్టంలో ఎవురో జిరాఫీని పెట్టేసినారే!" అన్నాడు.

కోటక్క తాళం కోసం అన్నట్టు చెయ్యి చాపింది. మామ తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడు బడిపిల్లల దండు ఒకటి నీలం యూనిఫారాలతో వచ్చి కంచెకు అతుక్కుపోయింది. వాళ్ళ టీచరమ్మ వేలు చూపించి ఏదో అడిగింది. అంతే, పిల్లలందరూ ఏకకంఠంతో గొంతు చించుకుని అరిచారు.

"ఒట్టగచ్చివింగి!"

జిరాఫీ నమలడం ఆపి, మెడ తిప్పి, నా పేరేనా పిలిచారు అన్నట్టు చూసింది. మామ నోరు తెరుచుకుంది. కోటక్క జిరాఫీని చూసింది, దాని ఒంటె మెడనూ, ఒంటి మీది చిరుత మచ్చలనూ చూసింది. చాపిన చెయ్యి తీసుకెళ్ళి నుదుటి మీద కొట్టుకుంది. "అయ్యో నా చదువూ! కెమెలోపార్డాలిస్! దీని సైన్సు పేరు కూడా అదే. ఒంటె, చిరుత కలిపి పెట్టినారు. పరీక్షలో రాసినా కదా!" అని, ఒక నవ్వు మొదలుపెట్టింది చూడండి, ఫోనులో వినబడిన నవ్వే అది, కానీ దాని తల్లిలా ఉంది. కంచె పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కోటాయన నవ్వాడు. అవ్వ కళ్ళు చికిలించి పైకి చూసి, "ఎంత ఎత్తుండి ఎంత నిదానంగా ఉందమ్మా, తల్లి" అంది. అది జిరాఫీని అన్నదో, కోటక్కనో ఇప్పటికీ తెలియదు.

ఆ నవ్వుల్లో ఏడ్చింది నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళు నేను ఎదురుచూసిన కోరల జంతువేది? ఎగిరి అందుకోవడమేది? నా మేకపోతేది? ఆకులు తినేదానికా నేను క్లాసంతా ఊదరగొట్టింది? "అక్కా, శివంగి లేదా అక్కా?" అని వెక్కుతూ కోటక్క చీరకొంగు పట్టుకున్నాను.

ఆమె వంగి నా కళ్ళు తుడిచింది. నా దాకా రావడానికి బాగానే వంగాల్సి వచ్చింది. "ఎందుకు లేదు? ఇంక మీ ఇంట్లోనే ఉంటాది" అంది. తర్వాత మామ వైపు చూడకుండానే, అతనికి వినబడేలా, "ఇంకా అక్కేంది మే? అత్తా అను" అంది.

మామ కంచె స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తను కట్టిందే కాబట్టి ఆగింది.

అవ్వ ఇప్పుడు లేదు. చివరిదాకా ఆవిడ జిరాఫీని శివంగనే అంది, కోడల్ని తల్లీ అనే పిలిచింది. మామకిప్పుడు సొంత షెడ్డుంది, ఫోనులో అత్త నంబరు ఏ పేరుతో ఉందో చెప్పనక్కర్లేదు. మొన్న చలి మొదలవగానే ఫోను చేశాడు. అదే జూలో ఇంకో కొత్త కొట్టం కడుతున్నారట, పని మళ్ళీ తనకే వచ్చిందట, జంతువు పేరు తమిళంలో ఏదో చెప్పారట. "అర్థం మాత్రం నాకు తెలుసు, చెప్పనా?" అన్నాడు, ఏమీ జరగనట్టు. వెనకాల అత్త నవ్వు. ఆ పేరు ఫోనులో కొడితే క్షణంలో బొమ్మ వచ్చేస్తుంది. వేలి దాకా వచ్చింది గానీ, నొక్కబుద్ధి కాలేదు. నెల్లూరులో ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఇంత మనిషిని, గొంతు తగ్గించి, "గేటు ఎంత ఎత్తు పెట్టమన్నారు మామా? తొట్టి ఎక్కడ కట్టమన్నారు?" అని అడిగాను.