రెండు పేర్ల మనిషి, మూడు సర్వర్లు

నేను రాసిన ప్రోగ్రాం మా బాపు లేడని చెప్పిన రోజున ఆయన దాని ముందే నిలబడి ఉన్నాడు. పక్కన బెంచీ మీద అమ్మ, ఒళ్లో ఎక్స్‌రే కవరు. అమ్మ గుండె వాల్వు ఆపరేషనుకు మర్నాటికి హైదరాబాదులో బెడ్డు దొరికింది. బాపు పనిచేసే బొగ్గు కంపెనీ దవాఖాన నుంచి రెఫరల్ చిట్టీ పట్టుకుపోతేనే అక్కడ చేర్చుకుంటారు. మధ్యాహ్నం రెండింటికి కౌంటర్ మూస్తారు.

తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పులు నడుస్తున్న రోజులు. నేను ఎంసీఏ చదివి గోదావరిఖనిలో కంపెనీ కంప్యూటర్ విభాగంలో కాంట్రాక్టు మీద చేరాను. తవ్వేది ఒకటే బొగ్గు అయినా మా మూడు ఏరియాల సర్వర్లను ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు తీర్లుగా కట్టారు. ఆ మూడింటినీ అడిగి, వచ్చిన జవాబును దవాఖాన కౌంటర్లో చూపించే ప్రోగ్రాం రాయడం నా పని. దాన్ని క్లయింట్ అంటారు. పేరుకు క్లయింట్, నిజానికి ముగ్గురు అత్తల కోడలు.

ముగ్గురు కాంట్రాక్టర్లూ వివరాలు ఎట్లా పంపాలో చెప్పే ఒకే ప్రమాణ పత్రాన్ని పాటిస్తున్నామని ఒట్టేసేవారు. మనిషికి రెండో పేరు లేదనుకోండి. ఒక సర్వరు ఆ పేరుకుండే గడినే పంపదు. ఇంకోటి ఖాళీ గడి పంపుతుంది. మూడోది గడిలో "లేదు" అని రాసి పంపుతుంది. పక్కిళ్లలో చల్ల అడిగితే ఒకామె తలుపే తీయదు, ఒకామె ఖాళీ చెంబు చేతికిస్తుంది, ఒకామె "ఇయ్యాల లేదు బిడ్డా" అంటుంది. ఎట్లా చెప్పినా చల్ల లేదని మనకు తెలిసిపోతుంది. నా ప్రోగ్రాం మాత్రం వారం రోజులు ఒక ఏరియాలో సగం మంది పేర్ల పక్కన "ఉరఫ్ లేదు" అని అచ్చేసింది.

గెస్ట్‌హౌస్‌లో మీటింగ్ పెట్టారు. సమోసాలు తిన్నంతసేపు అందరిదీ ఒకే మాట. తిన్నాక "మాది ప్రమాణం ప్రకారమే ఉంది, ఆ క్లయింటే మారాలి" అని ముగ్గురూ మళ్లీ ఒకే మాట మీద నిలబడ్డారు. మా పెద్ద ఆఫీసరు "సర్వర్ల మధ్య పేరులో అక్షరం తేడా వచ్చినా లేడని చెప్పెయ్" అని తీర్పిచ్చాడు. నేను తలూపి అట్లాగే రాశాను. పరీక్షకు ఆఫీసర్ల పేర్లే కొట్టి చూశాను. అన్నీ బ్రహ్మాండంగా కలిశాయి. ఆఫీసర్లకు ఒక్కటే పేరుంటుంది మరి.

మా క్వార్టర్ల లైన్లలో అట్లా కాదు. బొగ్గుబాయిలో పనికి పిలుపు కాగితం వచ్చింది మా పెద్దబాపుకు. ఆయన ఒక్కసారి దిగి, ఆ చీకటి చూసి, దీనికన్నా ఎడ్లే నయమని ఊరికి పోయాడు. ఆ కాగితం పట్టుకుని బాపు దిగాడు. బాయి మీద హాజరు వాళ్లన్న పేరున, ఇంట్లో పిలుపు తన పేరున. ఇట్లాంటివాళ్లు లైనుకు ఇద్దరు ముగ్గురుండేవారు. ఏండ్ల తర్వాత రెండు పేర్లనూ మధ్యలో "ఉరఫ్" పెట్టి రికార్డుకెక్కించారు. ఆ ఇంట్లో పుట్టిన నాకు ఇది తెలియదా? తెలుసు. ఏసీ గదిలో కుర్చీ దొరకగానే మరిచాను, అంతే.

బాపు మొదట మందమర్రిలో చేసి తర్వాత మా వైపు బదిలీ అయ్యాడు. అటువైపు సర్వరు ఆయన రెండు పేర్లనూ ఒకే వరసలో పంపింది, ఇటువైపుది రెండు గడుల్లో విడివిడిగా. నా ప్రోగ్రాం రెంటినీ పోల్చి "ఇలాంటి కార్మికుడు లేడు" అని ఎర్రక్షరాల్లో చూపించింది. ఆ ఎరుపు నేనే ఎంచుకున్నాను.

కౌంటర్లో కూర్చునే చాచా నన్ను పిలిపించాడు. బాపు కోప్పడలేదు. తెర వైపు చూసి, "నేను లేనా? మరి ఇన్నేండ్లు బొగ్గు కొట్టినోడు ఎవడు బిడ్డా?" అన్నాడు. వరసలో ఎవరో నవ్వారు. ఈయన మా బాపు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

"జల్ది ఏమన్న చెయ్ బేటీ," అన్నాడు చాచా. "రిజిస్టర్లున్నప్పుడు ఉరఫ్‌కు ఇటుది చూస్తుంటి, అటుది చూస్తుంటి. కార్మికుని నంబరు కలిసి ఏదో ఒక్క పేరు కలిస్తె చిట్టీ రాసిస్తుంటి. మీ మిషన్‌కు గింత పట్టింపేంది?"

చేతిరాత చిట్టీ చెల్లదని నెల కిందటే ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు టైపు చేసిందీ నేనే.

ఆఫీసరుకు ఫోన్ చేశాను. "ప్రమాణం..." అని మొదలుపెట్టాడు. "ప్రమాణంల మా అమ్మ లేదు సార్" అని పెట్టేశాను. నా గదికి పరుగెత్తి చాచా చెప్పిందే రాశాను. ఏ సర్వరు ఎట్లా చెప్పినా వినాలి. ఉరఫ్ దగ్గర పేరును విడగొట్టాలి. గడి లేకపోయినా, ఖాళీగా ఉన్నా, "లేదు" అని ఉన్నా లేదనే అనుకోవాలి. నంబరు కలిసి ఒక్క పేరు కలిసినా ఆ మనిషి ఉన్నట్టే. రెండింటికి ఇంకా పది నిమిషాలుందనగా చిట్టీ అచ్చయింది.

ఆఫీసరు నన్ను సంజాయిషీ అడిగాడు. నెల తిరక్కుండా అదే పద్ధతిని తన పేరున అన్ని ఏరియాలకూ పంపాడు. ఆయనది ఒక్కటే పేరు, ఎక్కడైనా కలుస్తుంది.

అమ్మ ఆపరేషనయి క్షేమంగా ఇంటికొచ్చింది. చిట్టీ అచ్చయిన రోజు హైదరాబాదు బస్సెక్కే ముందు మాత్రం బాపు నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడైతె మిషన్ల ఉన్న గదా బిడ్డా? మల్ల తీసెయ్యరు గదా?" అని అడిగాడు. నవ్వులాటకు అడగలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పటికీ ఏ ప్రోగ్రాం రాసినా మొదట బాపు నంబరే కొట్టి చూస్తాను. ఆయన ఉన్నాడని వచ్చాకే ఆఫీసర్ల పేర్లు కొడతాను.