పుష్పమ్మకు ఇచ్చిన ఐదో మాట

పుష్పమ్మ నాకు వరసకు పిన్ని. కొల్లేరు ఒడ్డున ఓ పేటలో ఉంటుంది. మనిషి పొట్టి, నోరు మాత్రం గట్టిది. మొగుడు పోయాక పెంటపాడు దాకా వెళ్ళి నాట్లు వేసి కొడుకుని పెంచింది. ఉన్న ఊళ్ళో నాట్లెక్కడివి? పొలాలన్నీ చేపల చెరువులైపోయాయిగా!

ఆ చెరువుల ఆసామి నరసరాజు గారు. చేపలు పట్టేశాక అడుగున మిగిలిన కుళ్ళునీళ్ళు తోడించి, పేటవాళ్ళు తాగే మంచినీళ్ళ చెరువులోకి వదిలిస్తాడు. ఊరికి పైపులైను ఉంది, పేటకి లేదు. బిందెలో నీళ్ళు పచ్చగా, చేపల మేత కంపు కొడుతూ ఉంటాయి. పిన్ని మనవరాలు లిడియాకి ఒంటినిండా పుళ్ళు. ఏలూరు డాక్టరు మందు రాసి, ముందు ఆ నీళ్ళు మానెయ్యమన్నాడు. మానేసి ఏం తాగాలో మాత్రం చెప్పలేదు మహానుభావుడు.

పేటలో మగాళ్ళంతా రాజుగారి చెరువుల మీదే పని. చర్చికి స్లాబు వేయించిందీ ఆయనే. ఇంక నోరెత్తేదెవరు? ఒక్కరు పోయి చెప్పుకుంటే గోడకు చెప్పుకున్నట్టే, చర్చి సంఘమంతా కలిసి కలెక్టరాఫీసుకి పోతే వినక చస్తారా అన్నది పిన్ని నమ్మకం. పాస్టరు నిరంజన్ గారిని ఎప్పుడడిగినా "చూద్దామమ్మా" అనేవారు. ఆ చూడ్డం ఎప్పటికీ తెమల్లేదు.

యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద గుడ్ ఫ్రైడే నాడు ఏడుగురు ప్రసంగించడం చర్చిల్లో ఆనవాయితీ. ఈసారి ఐదో మాట, అదే దాహమన్న మాట, స్త్రీల సమాజం తరఫున పిన్నికి వచ్చింది.

"క్లుప్తంగా ముగించండమ్మా, రాజుగారు కూడా వస్తున్నారు" అని పాస్టరుగారు ముందే చెప్పారు. ఆమె వినే రకమా!

"యేసుప్రభువు దాహమంటే పులిసిన ద్రాక్షరసం, అదే చిరక, ఇచ్చారండి. మన పిల్లలు దాహమంటే మనం ఏం ఇస్తున్నామండీ? ఆ చెరువు నీళ్ళేగా! నేనెవర్నీ తిట్టట్లేదండీ. సోమవారం అందరం ఏలూరు వెళ్ళి కలెక్టరుగారికి చెప్పుకుందాం. వచ్చేవాళ్ళు లేచి నిలబడండయ్యా" అంది మైకులో.

ముందు వరసలో రాజుగారు సెల్‌ఫోను చూసుకుంటున్నారు. ఒక్కరూ లేవలేదు. ఆయన చెరువు మీద కాపలా ఉండే పిన్ని కొడుకు ఏసుకుమార్, ఆ పుళ్ళ పిల్లకి కన్నతండ్రి, వాడూ తల వంచుకున్నాడు. పిన్ని మైకు వదల్లేదు. "లేవండయ్యా, మీకు దణ్ణం పెడతాను" అంది. ఇదంతా తర్వాత పిన్నే నాకు చెప్పింది.

అప్పుడు పాస్టరుగారు మెల్లగా మైకు అందుకున్నారు. "మన సహోదరి భారం దేవుడి మీద వేద్దాం. ప్రార్థన కోసం అందరూ లేచి నిలబడండి" అన్నారు.

అంతే, చర్చి మొత్తం లేచింది. ఏసుకుమార్ లేచాడు. రాజుగారూ లేచారు. నీళ్ళ కోసం, అధికారుల కోసం, స్లాబు వేయించిన దాత కుటుంబం కోసం పాస్టరుగారు కళ్ళనీళ్ళతో ప్రార్థించారు. ఆమెన్ అన్న కేక రోడ్డు దాకా వినిపించిందట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలు ఊరికే అన్నారా!

ఈస్టరు మర్నాడు సోమవారం పిన్ని ఒక్కతే ఏలూరు బస్సెక్కింది. ఆఫీసులో అర్జీ తీసుకునే ఆయన చదివి, ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"పేట మొత్తానికి ఇబ్బంది అని రాశారు, మీరొక్కరే వచ్చారేంటండీ? మిగతావాళ్ళేరీ?"

"ప్రార్థన చేస్తన్నారండీ" అంది పిన్ని.

"అయితే అది అయ్యాక అందరూ కలిసి రండమ్మా" అని అర్జీ వెనక్కిచ్చి, ఆయన తర్వాతి వాళ్ళని పిలిచాడు.