సగం వీధి

ఆ వీధిలో వేగం బోర్డులు మార్చిన వారానికే జనం ఒకరి మీద ఒకరు విరుచుకుపడటం మొదలైంది. కింది నుంచి వచ్చేవాడికి ముప్పై అని కనబడుతుంది. బుద్ధిగా నెమ్మదిస్తాడు. మధ్యలో మలుపు తిరగగానే యాభై! పైనుంచి వచ్చేవాడు యాభైలో దర్జాగా దిగి, మలుపు దాటగానే ముప్పై చూసి గట్టిగా బ్రేకు తొక్కుతాడు. వెనకవాడు ముందు హారన్ మోగిస్తాడు, తర్వాత నోరు చేసుకుంటాడు. మలుపులో ఇల్లున్న పెద్దావిడ కనబడ్డ ప్రతివాళ్లతోనూ ఒకటే మాట.

"మా గుమ్మం ముప్పైలో ఉందమ్మా, వంటిల్లు యాభైలో ఉంది. నేనెంత వేగంగా నడవాలో ఆ బోర్డులు పెట్టిన మహానుభావుణ్ణే అడగాలి."

ఆ మహానుభావుడు రోడ్ల ఆఫీసులో బోర్డులు బిగించే మనిషి. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ బోర్డులాయనే. యాభై ఆరేళ్లు. పెళ్లెందుకు చేసుకోలేదంటే తీరిక లేదంటాడు. ఒక గది, ఒక మంచం, ఒక స్టవ్వు. మనసు విప్పి మాట్లాడే మనిషంటూ ఉన్నది బావ ఒక్కడే. చుట్టరికం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ల కిందట ఇద్దరినీ ఒకే బండి ఎక్కించారు. పొద్దున పానా కోసం పోట్లాడుకున్నారు, సాయంత్రానికి బావా అంటే బావా అనుకున్నారు.

వాళ్ల పనికి ఒక పద్ధతి ఉండేది. ఏ వీధైనా సగం సగం. బావను పై చివర దింపి బోర్డులాయన బండిలో కింది చివరికి వచ్చేవాడు. రెండు కొసల నుంచీ స్తంభం స్తంభం ఎక్కి దిగుతూ మధ్యకు రావాలి. ముందొచ్చినవాడు గెలిచినట్టు, ఓడినవాడు టీ ఇప్పించాలి. ఇన్నేళ్లలో బోర్డులాయన ఒక్కసారీ గెలవలేదు. నిచ్చెన భుజాన వేసుకుని రొప్పుతూ వెళ్లేసరికి బావ ఎక్కడో ఓ పిట్టగోడ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండేవాడు.

"ఏం బావా, దారిలో కునుకు తీశావా?"

నాలుగు నెలల కిందట బావ పోయాడు. నిద్రలోనే పోయాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఆఫీసువాళ్లు ఆ చోట ఇంకొకర్ని వేయలేదు. బండి మాత్రం అదే.

ఆ తర్వాతే ఈ మలుపు వీధంతా ముప్పై చేయాలని కాగితం వచ్చింది. ఆరు స్తంభాలు, ఆరు బోర్డులు. పని పూర్తయిందని బోర్డులాయన సంతకం పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు ఫిర్యాదులు కట్టలు కట్టి వచ్చి పడ్డాయి. సూపర్‌వైజర్ పిలిపించాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే మనిషి కంటే ఫైలంటే ప్రేమ ఎక్కువ.

"చూడు పెద్దాయనా, స్టోరువాళ్లు మూడు బోర్డులే ఇచ్చారని ఒక ముక్క రాసివ్వు. గొడవ వదిలిపోతుంది. లేకపోతే నిన్ను బండి దింపి లోపల కూర్చోబెట్టమంటారు పైవాళ్లు."

ఆ బండి లేకపోతే బోర్డులాయనకు పొద్దున్నే లేవడానికి కారణం లేదు. ఒక్క ముక్క రాస్తే చాలు. కానీ మిగిలిన మూడు బోర్డులూ బండిలోనే ఉన్నాయి, బావ వైపు అరలో, తాడు కట్టి పెట్టినవి పెట్టినట్టే.

"స్టోరువాళ్లు ఆరూ ఇచ్చారు సార్."

"మరి?"

"నా సగం నేను చేశాను. మలుపు దగ్గరికొచ్చి చూస్తే పిట్టగోడ మీద ఎవరూ లేరు. మొదటిసారి నేనే ముందొచ్చాను సార్. గెలిచానని ఎంత సంతోషమేసిందో! పై వైపు చూస్తూ కూర్చున్నాను, వస్తే ఏమని ఏడిపించాలా అని. ఎంతసేపు కూర్చున్నానో..." "గుర్తొచ్చాక ఆ స్తంభాలు ఎక్కబుద్ధి కాలేదు. అవి బావవి."

సూపర్‌వైజర్ కాసేపు ఫైలు మూసి తెరిచాడు.

"నిన్ను ఒంటరిగా వదిలితే ఊరంతా సగం సగం చేసి పెడతావయ్యా. ఇవాళ ఆ మూడూ ముగించెయ్. సోమవారం నుంచి స్టోరులో కూర్చో."

ఆ మధ్యాహ్నం బోర్డులాయన మొట్టమొదటిసారి పై చివర బండి ఆపి అక్కణ్ణించి పని మొదలుపెట్టాడు. బావ బిగించిన బోల్టులు ఒక పట్టాన ఊడి రాలేదు. అతని పని అంతే మరి, సగం సగం బిగింపు ఎరగడు. "వదలవయ్యా బావా, వదలవు" అని తిట్టుకుంటూ, పానాకు బరువంతా ఇచ్చి ఒక్కొక్కటే విప్పాడు. మూడు యాభైలు దిగాయి, మూడు ముప్పైలు ఎక్కాయి. పెద్దావిడ కిటికీలోంచి చూసి, "హమ్మయ్య, ఇల్లంతా ఒక్క వేగానికొచ్చింది" అని లోపలికి వెళ్లిపోయింది.

అతను పిట్టగోడ మీద కూర్చున్నాడు. పైనుంచి వచ్చాడు కాబట్టి కూర్చోవడం కూడా బావలాగే, కింది వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్కడి నుంచి వీధి చివరి దాకా మొత్తం కనబడుతోంది. మొదటి స్తంభం, రెండోది, మూడోది.

అంటే ఇన్నేళ్లూ, వీధి తర్వాత వీధి, తను నిచ్చెన మోసుకుంటూ ఆయాసపడుతూ వస్తుంటే బావ ఇలా చూస్తూనే ఉన్నాడన్నమాట. తను వచ్చేదాకా కళ్లు తిప్పకుండా.

బోర్డులాయన చాలాసేపు ఆ ఖాళీ వీధి వైపే చూశాడు. తర్వాత నిచ్చెన ఎత్తుకుని, ఇక తనను ఎవరూ చూడని దారిన బండి దాకా నడిచాడు.